మా వార్డు ఆరోగ్య కేంద్రం బాగా పనిచేస్తోందో లేదో ఎలా తేల్చాలి?

సుజాత, ఉత్తర చెన్నై:

అందరికీ నమస్కారం. మాది నాయుడుపేట. పెళ్లయి మద్రాసు వచ్చి పందొమ్మిదేళ్లయింది. బ్రాడ్‌వేలో ఒక హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తాను. వచ్చే నెల మా వార్డులో ఏరియా సభ ఉంది, కౌన్సిలర్ వస్తారు. మా వీధికి దగ్గర్లో ఉన్న పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గురించి ఒక పేజీ రాసి అక్కడ చదవమని వీధి సంఘం వాళ్లు నాకు అప్పజెప్పారు. లెక్కలు రాసేదానివి కదా, నువ్వే రాయి అన్నారు. ఏం లెక్కపెట్టాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. కేంద్రం పేరు రాయను. అక్కడ పనిచేసేవాళ్లను బజారుకు ఈడ్చాలని నాకు లేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మా అత్తగారికి 71 ఏళ్లు. సుగరు, బీపీ రెండూ ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో ఆవిడ మెట్లు దిగలేని రోజుల్లో, ఇంటి దగ్గరికే వైద్యం పంపే తమిళనాడు ప్రభుత్వ పథకం, మక్కళై తేడి మరుత్తువం కింద వలంటీరు అమ్మాయి ఇంటికే వచ్చి బీపీ చూసి మాత్రలు ఇచ్చి వెళ్లేది. "పిల్ల వచ్చిందా?" అని మా అత్తగారు పొద్దున్నే వాకిట్లో కూర్చునేవారు. ఆ మేలు నేను మర్చిపోను. తర్వాత ఆ అమ్మాయి మానేసింది, ఆవిడ స్థానంలో ఎవరూ రాలేదు. దాంతో నేనే షాపుకి ఆలస్యంగా వస్తానని చెప్పి అత్తగారిని ఆటోలో కేంద్రానికి తీసుకెళ్తున్నాను.

నెలకి సరిపడా మాత్రలు ఇచ్చేవాళ్లు ఈ మూడు నెలలుగా పది రోజులకే ఇస్తున్నారు. రక్త పరీక్షకి రెండుసార్లు పరగడుపున తీసుకెళ్తే, రెండుసార్లూ కెమికల్ అయిపోయిందన్నారు. ఇవి సర్దుకుపోవచ్చు. ఇంకోటి ఉంది. పోయిన నెల బీపీ చూస్తే 168 వచ్చింది. డాక్టరమ్మ మాత్ర డోసు పెంచారు. మూడో రోజు తెల్లవారుజామున బాత్రూముకి లేచిన ఆవిడ కళ్లు తిరిగి తలుపు మీద పడిపోయారు. ఎముకలు విరగలేదు, దేవుడు చల్లగా చూశాడు. పక్కింట్లో నర్సు పని చేసే అమ్మాయి వచ్చి చూస్తే పైది 104. రెండు వారాల తర్వాత పాత డోసు మీదే చూస్తే 134. మరి ఆ రోజు 168 ఎక్కడి నుంచి వచ్చింది? అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. మందు ఉందా లేదా అన్నది ఒక సంగతి. అక్కడ చెప్పే అంకెను నమ్మొచ్చా అన్నది ఇంకో సంగతి.

సంఘంలో సగం మంది "గవర్నమెంటు ఆసుపత్రి అంటే అంతే, అడగడం దండగ" అంటున్నారు. మిగతా సగం "ఊరికే ఇస్తుంటే వంకలెందుకు?" అంటున్నారు. నాకు రెండూ నచ్చడం లేదు. కేంద్రం ముందు బోర్డు మీద ఈ నెల ఎంతమంది ఓపీకి వచ్చారో పెద్ద అంకెల్లో రాసి ఉంటుంది. ఆ అంకె పెద్దదైతే కేంద్రం బాగున్నట్టేనా? ఒక మామూలు మనిషి, డాక్టరు కాని మనిషి, ఏం చూసి తేల్చుకోవాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పాత సిస్టర్, వ్యాసర్‌పాడి:

సుజాతా, నేను ముప్ఫై ఒక్క ఏడాది స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మాది చిత్తూరు వైపు. నీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ అత్తగారు పడిపోయారంటే నా ప్రాణం ఉసూరుమంది.

ఆ 168 ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో నేను ఊహించగలను. ఆటో దిగి, మెట్లెక్కి, గంటసేపు నిలబడి వెళ్లి ఉంటారు. వెనక ఆనుకోవడానికి లేని స్టూలు మీద కూర్చోబెట్టి ఉంటారు. జాకెట్టు చెయ్యి మీదే పట్టీ చుట్టి, చెయ్యి కిందికి వేలాడుతుండగా, "మాత్ర వేసుకున్నావా పాటీ (అవ్వా)?" అని అడుగుతూ చూసి ఉంటారు. ఇందులో ప్రతిదీ అంకెను పెంచేదే. మాట్లాడుతుంటేనే 10 పాయింట్ల దాకా పెరుగుతుంది. ఒంటేలు ఆపుకుని కూర్చున్నా పెరుగుతుంది. అందుకే నేను కొత్త పిల్లలకి చెప్పేదాన్ని, పేషెంట్ల బాత్రూముకి తాళం వేసి ఉంటే ఆ పూట బీపీ రిజిస్టరు నమ్మొద్దని. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. వీపు ఆనాలి, కాళ్లు నేలకి ఆనాలి, ఒకదాని మీద ఒకటి వేయకూడదు. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. ఎక్కువ వస్తే ఒక నిమిషం ఆగి మళ్లీ చూడాలి. నువ్వు వెళ్లినప్పుడు మొదట చూడాల్సింది ఆ కుర్చీ.

రెండోది, వీలైతే బీపీ రిజిస్టరులో ఒక పేజీ చూడు. అందులో పేర్లు ఇంకొకరి సొంత సంగతి, వాటి జోలికి పోకు. అంకెలు మాత్రం చూడు. వరసగా 120/80, 130/80, 140/90 అని అన్నీ సున్నాతో ముగిస్తుంటే, మిషను చూపింది చూపినట్టు రాసింది కాదు, అంచనాగా సర్ది రాసింది. నిజంగా చూస్తే 137/86, 122/74 ఇలా వంకరటింకరగా ఉంటాయి. నువ్వు లెక్కలు రాసేదానివి, నీకు ఇది నేను చెప్పక్కర్లేదు.

మూడోది టీకాల ఫ్రిజ్. మన దగ్గర బుధవారం టీకాల రోజు. ఆ రోజు వెళ్లు. ఫ్రిజ్ లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, రోజుకి రెండుసార్లు చూసి పక్కన కాగితం మీద రాయాలి. ఆ కాగితం ఎదురుగానే వేలాడుతుంటుంది. నెల మొత్తం ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, అన్ని రోజులూ 4 డిగ్రీలే ఉంటే అది ఒకే రోజు కూర్చుని నింపిన కాగితం. టీకా సీసా మీద చిన్న గుండ్రటి గుర్తు, దాని మధ్యలో చతురస్రం ఉంటాయి. చతురస్రం చుట్టూ ఉన్న రంగు కన్నా లేతగా ఉన్నంత వరకే ఆ సీసా పనికొస్తుంది. చూపించమని అడుగు. మంచి సిస్టరైతే సంతోషంగా చూపిస్తుంది. నన్ను అలా అడిగిన తల్లులంటే నాకు ఎంతో గౌరవం.

ఇక మందులు. మాత్రల నాణ్యత గురించి భయపడకు. తమిళనాడులో 1994లో మందుల కార్పొరేషన్ పెట్టారు, టీఎన్‌ఎంఎస్‌సీ అంటాం. రాష్ట్రమంతటికీ ఒక్కచోటే కొంటారు, కంపెనీ పేరు కనబడకుండా నమూనాను ల్యాబుకి పంపి పరీక్ష చేయించాకే వాడకానికి వదులుతారు. ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్ ఉంటుంది. అందులో ఇంత విలువ అని రాసి ఉంటుంది, గోడౌన్ నుంచి మందు తెచ్చుకున్నకొద్దీ అది తగ్గుతూ పోతుంది. వేరే రాష్ట్రాల వాళ్లు వచ్చి చూసి నేర్చుకున్న పద్ధతి ఇది. కాబట్టి మాత్ర లేదంటే గోడౌనులో లేక కావచ్చు, వీళ్లు సమయానికి అడగక కావచ్చు. ఆ రెంటిలో ఏదో కనుక్కో.

బోర్డు మీద ఓపీ అంకె గురించి ఒక మాట. ప్రతి సాయంత్రం మా మీద పడే ఒత్తిడి అదే, "ఇవాళ ఓపీ ఎంత?" నెల మాత్రలు ఒకేసారి ఇస్తే ఆ మనిషి నెలకి ఒక ఓపీ. పది రోజులకి ఇస్తే అదే మనిషి మూడు ఓపీలు. బోర్డు మీద అంకె పెరుగుతుంది, మోకాళ్ల నొప్పుల ముసలావిడ మూడుసార్లు ఆటో ఎక్కుతుంది. మీ కేంద్రంలో అదే జరుగుతోందని నేను అనడం లేదు. అడిగి చూడమంటున్నాను.

రమణ, బెంగళూరు:

మీ ఊరి విషయంలో తలదూరుస్తున్నాను, ఏమీ అనుకోకండి. నేను వైట్‌ఫీల్డ్ వైపు కన్‌స్ట్రక్షన్ సైటులో సూపర్‌వైజర్ని. మా దగ్గర పనిచేసేవాళ్లలో ఎక్కువమంది అనంతపురం, కర్నూలు, రాయచూరు నుంచి వచ్చినవాళ్లే.

2022 డిసెంబరులో కర్ణాటకలో నమ్మ క్లినిక్‌లు మొదలయ్యాయి, బెంగళూరులో వార్డుకొకటి అన్నారు. ఉచితం, మందులిస్తారు, కొన్ని పరీక్షలు కూడా అక్కడే చేస్తారు. మంచి ఆలోచన. కానీ పెట్టిన వేళలు పొద్దున 9 నుంచి సాయంత్రం 4:30. మా వాళ్లు సైటులో ఉండేది సరిగ్గా ఆ వేళల్లోనే. క్లినిక్‌కి వెళ్లాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. కూలి వదులుకుని వెళ్లి, పరీక్ష రేపు రమ్మంటే రెండో రోజు కూలి కూడా పాయె. అప్పుడు వాడు సాయంత్రం ఏడింటికి మెడికల్ షాపుకి వెళ్లి, నూట యాభై ఇచ్చి, పేరు తెలియని నాలుగు మాత్రలు కొనుక్కుంటాడు. ఊరికే వచ్చే వైద్యం కన్నా డబ్బిచ్చి కొన్న మాత్రే వాడికి చవక. ఒక కుర్రాడు ఇలాగే మూడు వారాలు దగ్గు మందు తాగాడు. చివరికి నేనే బలవంతంగా తీసుకెళ్లి కళ్లె పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఆ తర్వాత వాడికి అందిన మందులు, ఆశా అమ్మ వచ్చి కనుక్కున్న తీరు చాలా బాగున్నాయి, ఆరు నెలల్లో నయమైంది. లోపం వైద్యంలో లేదు. మూడు వారాల పాటు తలుపు వాడి వేళకి తెరిచి లేదు.

మీ తమిళనాడులో 2023లో ఒకేసారి 500 పట్టణ ఆరోగ్య కేంద్రాలు ప్రారంభించారు కదా. వాటికి పొద్దున 8 నుంచి 12, మళ్లీ సాయంత్రం 4 నుంచి 8 అని వేళలు పెట్టారని చదివి నాకు అసూయ కలిగింది. అలాంటిది మీకు దగ్గర్లో ఉందేమో చూడండి. మీ పేజీలో నిమిషాలతో పాటు మనిషికి అయ్యే ఖర్చు కూడా రాయండి. ఆటోకి ఎంత, పోయిన కూలి ఎంత, ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చింది. ఆసుపత్రి లెక్కల్లో ఈ ఖర్చు ఎక్కడా ఉండదు, ఎందుకంటే అది వాళ్ల జేబులోంచి పోదు.

సుజాత, ఉత్తర చెన్నై:

సిస్టర్ గారూ, పాస్‌బుక్ అనగానే నాకు సగం అర్థమైపోయింది. రమణ గారూ, పోయిన కూలి సంగతి నాకు తట్టనే లేదు. నాకు నెల జీతం కాబట్టి తట్టలేదు. ఒక సందేహం. ఇవన్నీ కేంద్రానికి వెళ్లినప్పుడు కనబడేవి. బీపీ ఉన్న వంద మందిలో ఎంతమందికి అదుపులోకి వచ్చిందో చెప్పే లెక్క ఏదైనా ఉంటుందా?

డాక్టరమ్మ, తాంబరం:

సుజాత గారూ, ఆ లెక్క ఉంది. చాలా మంచి లెక్క. నేను కమ్యూనిటీ మెడిసిన్ చదివాను, ఊరు నంద్యాల.

2017లో భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అందులో ఒక కేంద్రాన్ని తూచే పద్ధతి ఇది. కనీసం మూడు నెలల కిందట పేరు నమోదైన బీపీ రోగులందరినీ తీసుకుంటారు. ఈ మూడు నెలల్లో చివరిసారి వచ్చినప్పుడు బీపీ 140/90 కన్నా తక్కువ ఉన్నవాళ్లు వాళ్లలో ఎంతమందో చూస్తారు. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఈ మూడు నెలల్లో అసలు రానివాళ్లను లెక్కలోంచి తీసేయరు. వాళ్లు మొత్తం సంఖ్యలో ఉంటారు, అదుపులోకి వచ్చినవాళ్లలో మాత్రం ఉండరు. దాంతో రానివాళ్లను వెతికి పట్టుకోని కేంద్రం మార్కు తనంతట తానే పడిపోతుంది. ఓపీ అంకె వచ్చినవాళ్లను మాత్రమే చూస్తుంది. ఈ లెక్క రానివాళ్లను కూడా చూస్తుంది. మీరు వేయాల్సిన ప్రశ్న కూడా అదే, "రావడం మానేసినవాళ్ల జాబితా మీ దగ్గర ఉందా? వాళ్లకి ఫోను ఎవరు చేస్తారు?"

ఇంకో రెండు మాటలు. పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఒక్కొక్కటీ సుమారు 50 వేల మందికి అని లెక్క. మీ వార్డు జనాభా ఎంత, 30 ఏళ్లు దాటినవాళ్లు ఎందరు, వాళ్లలో ఎందరికి బీపీ, సుగరు ఒక్కసారైనా చూశారు? కేంద్రం దగ్గర ఈ వివరం ఉండాలి, ఎందుకంటే 30 దాటిన అందరికీ చూడాలన్నది జాతీయ కార్యక్రమమే. ఇక గోడ మీద నాణ్యతా సర్టిఫికెట్ ఉంటే తేదీ చూడండి. కేంద్ర ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల ప్రకారం ఎనిమిది విభాగాల్లో తనిఖీ చేసి, 70 శాతం దాటితే మూడేళ్లకి ఇస్తారు. మంచి తనిఖీయే, కాదనను. కానీ తనిఖీ రోజున కుర్చీ ఉండటం వేరు, మామూలు మంగళవారం నాడు ఉండటం వేరు.

సామాజిక ఆరోగ్య కేంద్రం అనే పేరు విని కొందరు అదీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమూ ఒకటే అనుకుంటారు. అది పై మెట్టు. పల్లెల్లో 30 పడకలతో, సర్జన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, ఫిజీషియన్ ఉండాల్సిన చోటు. కేంద్ర ఆరోగ్య శాఖ 2021-22 లెక్కల్లోనే అక్కడ స్పెషలిస్టుల కొరత దాదాపు 80 శాతం అని తేలింది. భవనం, పడకలు, బోర్డు అన్నీ ఉండి డాక్టరు లేకపోతే కింది మెట్టు ఎంత బాగా పనిచేసినా రోగిని పంపడానికి చోటుండదు. మీరున్నది చెన్నై కాబట్టి పెద్దాసుపత్రులు దగ్గర. అయినా మీ కేంద్రం ఎవరినైనా పెద్దాసుపత్రికి పంపితే, వాళ్లు అక్కడ చేరారో లేదో తిరిగి కనుక్కుంటోందా అని అడగండి. నేను పనిచేసిన చోట్ల అందరూ చేతులెత్తేసేది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే.

మీ అత్తగారి విషయం. పెద్దవాళ్లలో డోసు పెంచే ముందు ఇంకో రోజు మళ్లీ చూడటం, కూర్చున్నప్పుడూ లేచి నిలబడ్డాకా రెండుసార్లు చూడటం మంచిది. మీరు ఇది ఆ డాక్టరు గారికి చెప్పండి. తప్పు పట్టినట్టు కాదు, జరిగింది జరిగినట్టు. పడిపోయిన సంగతి ఆమెకు తెలియకపోతే ఆమె దృష్టిలో ఆ డోసు సరైనదే.

వెంకట్, విల్లివాక్కం:

నాదొక చిన్న మాట. ఇన్ని ప్రశ్నలు ప్రైవేటు క్లినిక్‌ని ఎవరైనా అడుగుతున్నారా? మా నాన్నగారికి ఒక నర్సింగ్ హోములో రెండేళ్లు బీపీ చూశారు, ఒక్కసారీ అయిదు నిమిషాలు కూర్చోబెట్టలేదు, ఏ రిజిస్టరూ లేదు. ఉచితంగా ఇచ్చే చోటునే నిలదీసి, డబ్బు తీసుకునే చోట చేతులు కట్టుకుని నిలబడతాం. ఆ పేజీ రాసేటప్పుడు ఇది మనసులో పెట్టుకోమ్మా.

సుజాత, ఉత్తర చెన్నై:

అందరికీ దండాలు. మూడు వారాలు పట్టింది. ఏం చేశానో, ఏం తేలిందో చెప్తాను.

ముందుగా మా కేంద్రం డాక్టరమ్మను (మెడికల్ ఆఫీసర్) కలిసి ఏరియా సభ సంగతి చెప్పి, రెండు పూటలు కూర్చుని చూస్తానని అడిగాను. చిన్న వయసు, ముప్ఫై కూడా ఉండవు. కాసేపు ఆలోచించి సరే అన్నారు. ఒక మంగళవారం, ఒక శుక్రవారం కూర్చున్నాను. ఇరవై మందికి, వాళ్లనే అడిగి, వచ్చిన టైము, డాక్టరు గదిలోకి వెళ్లిన టైము, మందు తీసుకుని బయటికి వెళ్లిన టైము రాసుకున్నాను.

నేను అనుకున్నది తప్పయింది. ఆలస్యం డాక్టరు దగ్గరేనని అనుకున్నాను. అక్కడ నలభై నిమిషాల్లో అందరూ లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత మందుల కిటికీ దగ్గర దాదాపు గంట. ఫార్మసిస్టు ఒక్కరే. మాత్ర పేరు, సంఖ్య చీటీ మీద ఒకసారి, రిజిస్టరులో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి రాస్తున్నారు. పైగా ఆయన వారానికి రెండు రోజులు ఇంకో కేంద్రానికి వెళ్తారు. ఆ రోజుల్లో కిటికీలో ఉండేది సిస్టర్. సిస్టర్ కిటికీలో ఉంటే బీపీ ఎవరు చూస్తారు? చదువుకుంటున్న ట్రైనీ పిల్ల చూస్తోంది, స్టూలు మీద, జాకెట్టు చెయ్యి మీద. మా అత్తగారిని తీసుకెళ్లింది అలాంటి రోజే. పాత చీటీ తీసి తేదీ చూసుకున్నాను. కిటికీ దగ్గర మనిషి తక్కువైతే బీపీ అంకె తప్పవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

పది రోజుల మాత్రల గురించి కేంద్రం డాక్టరమ్మను అడిగాను. సిస్టర్ గారూ, ఓపీ అంకె కోసం కాదట. గోడౌనులో సుగరు మాత్రలు తగ్గినప్పుడు, ముందొచ్చినవాళ్లకి నెలకి ఇచ్చేసి వెనకొచ్చినవాళ్లని వట్టి చేతులతో పంపడం ఇష్టం లేక అందరికీ పంచారట. స్టాకు పుస్తకం ఆమే తెరిచి చూపించారు. ఆ నెల నిజంగానే తక్కువ వచ్చింది. తర్వాతి నెల సరిపడా వచ్చింది కానీ పది రోజుల అలవాటు అలాగే ఉండిపోయింది. "ఎవరూ అడగలేదు, నేనూ చూసుకోలేదు" అన్నారు డాక్టరమ్మ. ఆ మాట అన్నందుకు నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. అత్తగారు పడిపోయిన సంగతి అప్పుడు చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. చీటీ తీసుకుని ఎర్ర సిరాతో రాసుకున్నారు.

బీపీ రిజిస్టరులో అంకెలు వంకరటింకరగానే ఉన్నాయి, మనసు తేలికపడింది. ఫ్రిజ్ కాగితం మూడు రకాల పెన్నులతో ఉంది. ఒక ఆదివారం ఖాళీగా ఉంది. ఖాళీని ఖాళీగానే వదిలేశారు కాబట్టి మిగతావి నమ్ముతున్నాను.

మానేసినవాళ్ల జాబితా లేదు. ఇది మాత్రం నన్ను చాలా బాధపెట్టింది. మా రెండు వీధుల్లో ఇంటింటికీ తిరిగి అడిగితే, ఆ కేంద్రంలో బీపీకో సుగరుకో చీటీ ఉన్నవాళ్లు పద్నాలుగు మంది దొరికారు. వాళ్లలో ముగ్గురు మానేశారు. ఒకాయన ప్రైవేటుకి మారాడు, బాగానే ఉన్నాడు. ఒకావిడ కూతురి దగ్గరికి ఆవడికి వెళ్లిపోయింది. మూడో ఆవిడ మా వీధి మొదట్లో పూలు కట్టే ఆవిడ. మాది శ్రీకాళహస్తి అని తెలుగులోనే మాట్లాడుతుంది, పదేళ్లుగా ఆవిడ దగ్గరే పూలు కొంటున్నాను. కెమికల్ లేదని రెండుసార్లు వెనక్కి పంపారట. పొద్దున ఎనిమిదికి అక్కడ కూర్చుంటే కోయంబేడు నుంచి తెచ్చిన పూలు వాడిపోతాయట. "రెండు రోజుల వ్యాపారం పోయింది, ఇంక పోనమ్మా" అంది. ఏడు నెలల నుంచి సుగరు మాత్ర వేసుకోలేదు. కాలి వేలి దగ్గర పుండు ఉంది, పసుపు పెట్టుకుంది. రమణ గారూ, మీరు రాసింది అప్పుడు గుర్తొచ్చింది. పదేళ్లలో ఒక్కరోజైనా నేను ఆవిడ కాళ్ల వైపు చూడలేదు.

వెంకట్ గారూ, మీ మాట సంఘంలో చదివి వినిపించాను. అందుకే పేజీ మొదట్లో, ఏ ప్రైవేటు క్లినిక్కూ తన పుస్తకాలు ఇలా తెరిచి చూపించదని రాశాను. తర్వాత అడగాల్సినవి నాలుగే వాక్యాలు. ఫార్మసిస్టు వారమంతా ఇక్కడే ఉండాలి. వారానికి రెండు సాయంత్రాలైనా బీపీ, సుగరు చూడాలి. ల్యాబులో కెమికల్ లేని రోజు ఆ మాట పొద్దున్నే గేటు దగ్గర రాసిపెట్టాలి. మానేసినవాళ్లకి ఫోను చేసే పని ఒక మనిషికి అప్పజెప్పాలి, మా ఇంటికి వచ్చిన వలంటీరు స్థానం నింపితే ఆ పని ఆవిడే చేయగలదు. నాకు ముందు తోచిన పేజీ వేరు, అందులో ఫిర్యాదులు పదకొండు ఉండేవి.

వీపు ఆనే కుర్చీ మాత్రం సభ దాకా ఆగలేదు. డాక్టరమ్మే తన గదిలోది తీసి బీపీ బల్ల దగ్గర వేయించారు. నిన్న అత్తగారిని అందులో అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చూస్తే 138/84. నెల మాత్రలు ఇచ్చారు. పూలావిడను రేపు నేను తీసుకెళ్తున్నాను. ఆవిడ వచ్చేదాకా మా ఆయన కొట్టు దగ్గర కూర్చుంటానన్నాడు.

పాత సిస్టర్, వ్యాసర్‌పాడి:

సుజాతా, పుండు అన్నావు కాబట్టి రక్త పరీక్ష సంగతి తర్వాత, ముందు కాలు చూపించు. ఆవిడ పెట్టుకున్న పసుపును గోరువెచ్చటి నీళ్లతో మెల్లగా కడిగేసి, శుభ్రమైన గుడ్డ కట్టి తీసుకెళ్లు. చెప్పుల్లేకుండా నడవనివ్వకు. అరికాలికి స్పర్శ తెలుస్తోందో లేదో డాక్టరమ్మను చూడమను, కాలు చల్లగా ఉన్నా, వేలు నల్లబడినా అక్కడ ఆగకుండా స్టాన్లీ పెద్దాసుపత్రికి రాయించుకో. పాత చీటీ దొరికితే పట్టుకెళ్లు, దొరక్కపోయినా వెళ్లండి. పరగడుపున ఉండమని చెప్పు, డబ్బాలో రెండు ఇడ్లీలు పెట్టుకో, రక్తం ఇచ్చిన వెంటనే తినిపించు. రాత్రికి నాకు ఇక్కడే రాయి, నేను మేలుకునే ఉంటాను.